ఆరోగ్య కేంద్రం మీటింగులకి మామూలు జనం రావాలంటే ఏం చేయాలి?

కొత్త_కన్వీనర్

నమస్తే అందరికీ. మేముండే చోట ఆరోగ్య కేంద్రానికి ప్రజల తరఫున ఒక సలహా కమిటీ ఉంది. దాన్ని నడిపే పని ఈమధ్యే నా నెత్తిన పడింది. నేను డాక్టర్ని కాను, ఆరోగ్య శాఖలో ఎప్పుడూ పని చేయలేదు, నలుగుర్ని పోగేసి మాట్లాడించడం కాస్త వచ్చు కదా అని నన్ను పట్టుకున్నారు, అంతే.

కమిటీ కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. మీటింగు పెడితే మాత్రం ప్రతిసారీ అవే మొహాలు, వాళ్లలో కొందరు ఏ కమిటీ వేసినా అందులో ఉంటారు. నిజంగా ఆ కేంద్రం మీద ఆధారపడేవాళ్లు, అంటే చంటిపిల్లల తల్లులు, బీపీ షుగరు మందుల కోసం నెలనెలా వచ్చేవాళ్లు, ఒక పూట పని మానేస్తే ఆ పూట డబ్బులు పోయేవాళ్లు, వీళ్లలో ఒక్కరూ రారు. పోయినసారి కొంతమందిని ఎలాగో బతిమాలి రప్పిస్తే అదంతా దెబ్బలాటలోకి దిగింది. మందులు లేవని ఒకరు, నర్సు కసురుకుందని ఒకరు, పొద్దున వస్తే మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారని ఇంకొకరు అందుకున్నారు. డాక్టరుగారు "మాకున్న స్టాఫ్ ఎంతమందో మీకు తెలుసా" అని లేచారు. ఇక ఆ తర్వాత మినిట్స్‌లో రాయడానికి పనికొచ్చే మాట ఒక్కటీ రాలేదు.

సలహాల పెట్టె ఒకటి వరండాలో వేలాడుతోంది, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. నేను రాకముందు ఒక సర్వే కూడా చేశారట, ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపించుకున్నారు. ఫలితం ఏమైందని అడిగితే "పైకి పంపాం" అన్నారు.

నాకు కావాల్సింది ఇది. మైకులూ కరపత్రాలూ కాకుండా మామూలు మనుషుల్ని ఎలా రప్పించాలి? వచ్చాక మాట తిట్లలోకి పోకుండా ఎలా నడపాలి? అన్నిటికంటే ముఖ్యంగా, డాక్టర్లూ నర్సులూ ఇదేదో తమ మీద పెట్టిన పంచాయితీ అనుకోకుండా ఎలా చూసుకోవాలి? ప్రాథమిక ఆరోగ్యం మీద ప్రపంచ దేశాలు కలిసి చేసిన 1978 ఆల్మా ఆటా డిక్లరేషన్‌లోనే ఉంది కదా, ఆరోగ్య సేవల ప్లానింగులో పాల్గొనడం ప్రజల హక్కు, బాధ్యత కూడా అని. అది చదివాను. చేసి చూసినవాళ్లు ఉంటే చెప్పండి.

రాత్రి_డ్యూటీ

నేను ఆరోగ్య కేంద్రంలో నర్సునండీ. మీరు చెప్పిన మీటింగులో నా కుర్చీ అవతలి వైపు ఉంటుంది, కాబట్టి ముందు ఆ వైపు సంగతి చెప్తాను. మీటింగు అనగానే మా అందరికీ ఒకటే టెన్షన్, ఇవాళ ఎవరి పేరు బయటికొస్తుందో అని. ఎదురుగా పై అధికారి కూర్చుని ఉంటే, ఒక పేషెంటు లేచి మీ పేరు పెట్టి మాట్లాడితే మీరేం చేస్తారు? సమర్థించుకుంటారు. మీ డాక్టరుగారు చేసిందీ అదే. ఆ ఏర్పాటే అలాంటిది, ఆయన్ని తప్పు పట్టి లాభం లేదు.

అందుకని ఇద్దర్నీ మొదటి రోజే ఒక గదిలో పెట్టకండి. ముందు జనంతో విడిగా, స్టాఫ్‌తో విడిగా కూర్చోండి. ఇద్దర్నీ అవే ప్రశ్నలు అడగండి: ఇక్కడ ఏది బాగుంది, ఏది బాలేదు, మీ చేతిలో ఉంటే మొదట ఏం మారుస్తారు. ఏది బాగుంది అన్నది తప్పనిసరిగా అడగండి, చాలామంది దాన్ని వదిలేస్తారు. తర్వాత ఆ రెండు లిస్టులూ పక్కపక్కన పెట్టి అప్పుడు అందర్నీ పిలవండి. మా దగ్గర అలా పెట్టి చూస్తే సగం ఒకటే ఉన్నాయి. ఓపీ దగ్గర తోపులాట పేషెంట్లకి ఎంత నరకమో మాకూ అంతే నరకం, వాళ్లు మేమే కావాలని చేస్తున్నామనుకున్నారు, మేము వాళ్లకి క్రమశిక్షణ లేదనుకున్నాం. దీన్నే ఒక పద్ధతిగా చేస్తే కమ్యూనిటీ స్కోర్ కార్డ్ అంటారు. కేర్ అనే అంతర్జాతీయ సేవా సంస్థ 2002లో ఆఫ్రికాలోని మలావీలో మొదలుపెట్టింది, తర్వాత చాలా దేశాలకి పాకింది. రెండు పక్షాలూ విడివిడిగా మార్కులు వేసుకుని, తర్వాత ఎదురెదురుగా కూర్చుని, ఎవరు ఏ పని ఎప్పటిలోగా చేయాలో రాసుకోవడం, దాని సారాంశం అంతే.

ఇలాంటి చోట బయటపడే విషయాలు ఎంత చిన్నవిగా ఉంటాయో ఒకటి చెప్తాను. మా దగ్గర బరువు చూసే మిషన్ వరండాలో, క్యూ పక్కనే ఉండేది. ఆయా చూసి అంకె గట్టిగా అరిచేది, నేను టేబుల్ దగ్గర కూర్చుని రిజిస్టర్లో ఎక్కించేదాన్ని. పని చకచకా అయిపోయేది. ఆడవాళ్లతో విడిగా కూర్చున్న రోజు ఒకావిడ, ఎంతసేపటికీ మాట్లాడని మనిషి, చివర్లో చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు రెండు చెకప్‌లు మానేసిందట, అందరి ముందూ బరువు అరుస్తారని, అంత తక్కువ బరువేంటని వెనకాల లైన్లో వాళ్లు అంటారని. ఆ మాట రాగానే ఇంకో ఇద్దరు తలూపారు. మిషన్ని లోపలి గదిలోకి జరిపాం, అంకె అరవకుండా చీటీ మీద రాసిస్తున్నాం. పైసా ఖర్చు కాలేదు. ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ ఇది రాదు, ఎందుకంటే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు మిషన్ పనిచేస్తోందా లేదా అని చూస్తారు.

ఇంకో మాట. వ్యక్తుల పేర్లు పెట్టి మాట్లాడకూడదని మొదటే నియమం పెట్టుకోండి. "ఫలానా నర్సు" అని కాదు, "ఇంజక్షన్ గది దగ్గర ఏం జరుగుతోంది" అని. డబ్బులడగడం, చేయి చేసుకోవడం లాంటివి ఉంటే మాత్రం అవి మీటింగు సరుకు కాదు, వాటికి వేరే ఫిర్యాదు దారి ఉండాలి, అదెక్కడో అందరికీ తెలియాలి. ఆ రెండూ కలిపేస్తే రెండూ చెడతాయి.

జనం రావడం గురించి అంటారా, మీరే వెళ్లండి. టీకాల రోజు, బీపీ షుగరు రోజు క్యూలో ఎలాగూ కూర్చునే ఉంటారు. అక్కడ పక్కన కూర్చుని మాట్లాడితే వచ్చేంత సమాచారం మీ మీటింగు హాల్లో రాదు.

లెక్కల_పిచ్చి

పైన నర్సుగారు చెప్పిన పద్ధతి మీద పెద్ద పరిశోధనే జరిగింది, దాని కథ తెలుసుకోవాలి, ఎందుకంటే అది అంత సాఫీగా లేదు.

ఉగాండాలో 50 ఊళ్ల ఆరోగ్య కేంద్రాలు తీసుకుని, లాటరీ వేసినట్టు సగం చోట్ల ఈ పని చేశారు, సగం చోట్ల చేయలేదు. చేసిన చోట ముందు కేంద్రం పనితీరు గురించి అంకెలు పోగుచేసి రిపోర్ట్ కార్డు తయారు చేశారు, దాన్ని జనానికీ స్టాఫ్‌కీ చూపించారు, విడివిడిగా చర్చ, తర్వాత కలిపి చర్చ, చివర్లో ఒప్పుకున్న పనుల జాబితా. ఏడాది తర్వాత చూస్తే ఆ కేంద్రాల్లో ఓపీ 20 శాతం ఎక్కువ, ఐదేళ్లలోపు పిల్లల మరణాలు 33 శాతం తక్కువ. 2009లో అచ్చయింది. ఇక చూడండి, ప్రపంచమంతా దాన్నే పట్టుకుంది, ఎవరి ప్రెజెంటేషన్లో చూసినా ఆ 33 శాతమే.

తర్వాత అదే దేశంలో వేరే పరిశోధకులు 376 ఆరోగ్య కేంద్రాలతో అలాంటిదే ఇంకా పెద్దగా చేశారు. వైద్యం నాణ్యత కొద్దిగా మెరుగుపడింది, కానీ జనం ఎక్కువగా రావడం గానీ మరణాలు తగ్గడం గానీ కనబడలేదు. ఇది చెప్పేవాళ్లు తక్కువ. ఈ రెండు అధ్యయనాల మధ్య కాలంలో ఉగాండాలో పిల్లల మరణాలు మొత్తంగానే బాగా తగ్గాయి, కాబట్టి తేడా రావడానికి అదొక కారణం కావచ్చని నా అభిప్రాయం. ఏదేమైనా మీటింగు పెడితే ప్రాణాలు నిలబడతాయని ఎవరైనా మీకు గ్యారంటీ ఇస్తే నమ్మకండి.

కానీ మీకు అక్కరకొచ్చేది వేరే ఉంది. మొదటి అధ్యయనం చేసినవాళ్లే తర్వాత ఇంకోటి చేశారు, 2017లో వచ్చింది. కొన్నిచోట్ల రిపోర్ట్ కార్డు ఇచ్చి చర్చ పెట్టారు, కొన్నిచోట్ల కార్డు లేకుండా ఉత్త చర్చ పెట్టారు. కార్డు ఇచ్చిన చోట ఫలితం ఏళ్ల తరబడి నిలిచింది. ఉత్త చర్చ పెట్టిన చోట దాదాపు ఏమీ లేదు. ఎందుకో వాళ్లు చెప్పిన కారణం చదివితే మీ మీటింగే గుర్తొచ్చింది నాకు. అంకెలు చేతిలో లేనప్పుడు జనం అడిగేవన్నీ పైవాళ్లు మాత్రమే తీర్చగలిగేవి: ఇంకా డబ్బు, ఇంకా డాక్టర్లు, ఇంకో బిల్డింగు. అంకెలు చేతిలో ఉన్నప్పుడు మాట స్థానికంగా సరిచేసుకోగల వాటి మీదకి వస్తుంది: ఎవరు ఏ రోజు డ్యూటీలో ఉండాలి, ఎంతసేపు కూర్చోబెడుతున్నారు, ఏ సేవ ఉచితమో గోడ మీద రాసి ఉందా.

కాబట్టి వచ్చే మీటింగుకి వెళ్లేముందు ఒక కాగితం తయారు చేసుకోండి. పెద్ద సర్వే ఏమీ వద్దు. తలుపులు ఎన్నింటికి తెరిచారు, మొదటి పేషెంటుని ఎన్నింటికి చూశారు, చీటీ తీసుకున్న దగ్గర్నుంచి మందులు చేతికొచ్చేదాకా ఎంతసేపు పట్టింది, రాసిచ్చిన మందుల్లో ఎన్ని అక్కడ దొరికాయి. ఒక వారం రాసుకుంటే చాలు. కొలిచేది ఎవరన్నది కూడా ముఖ్యం. కమిటీలో ఒకరు, స్టాఫ్‌లో ఒకరు కలిసి కూర్చుని రాయాలి, లేదంటే "మీ లెక్క తప్పు" దగ్గరే రోజంతా గడిచిపోతుంది.

మూడో_వరుస

కిడ్నీ పేషెంటుని. ఒక ఆస్పత్రి కమిటీలో రోగుల ప్రతినిధిగా చాలాకాలం కూర్చున్నాను, పేరు చెప్పను. కూర్చున్నాను అన్న మాట ఆలోచించే వాడుతున్నా, ఎందుకంటే అక్కడ నేను చేసింది అదే. ఉత్సవ విగ్రహం. బల్ల చుట్టూ అంతా డిపార్ట్‌మెంట్ వాళ్లే, నా ఒక్కడికే ఆ పొట్టి అక్షరాల పేర్లకి అర్థం తెలీదు, ఫైలు మీటింగు మొదలయ్యాక చేతికిచ్చేవారు, ఆఖర్లో "పేషెంట్ల తరఫున ఏమైనా ఉందా" అనేవారు, అప్పటికి టీ కప్పులు కూడా తీసేసేవారు. కంటితుడుపు అంటే ఏంటో నాకు అక్కడే తెలిసింది.

కాబట్టి కన్వీనరు గారూ, మీకు నా సలహా జనాన్ని ఎలా రప్పించాలన్నది కాదు, వచ్చాక వాళ్ల చేతిలో ఏం పెడతారన్నది. ఏదో ఒకటి, చిన్నదైనా సరే, జనం నిర్ణయిస్తే అదే ఫైనల్ అన్నది ఉండాలి. ఓపీ టైమింగులా, కూర్చునే చోటా, చిన్న రిపేర్ల నిధి దేనికి ఖర్చు పెట్టాలన్నదా, ఏదైనా. డాక్టరుగారితో ముందే మాట్లాడి ఇది కమిటీకి వదిలేస్తారా అని అడగండి. ఆయన ఏదీ వదలనంటే ఇక మీరు మీటింగు పెట్టకండి, నోటీసు బోర్డు పెట్టుకోండి, అదే నిజాయితీ.

చట్టమే ఈ సంగతి తేల్చేసిన దేశాలున్నాయి. బ్రెజిల్ 1988 రాజ్యాంగంలో అందరికీ ఆరోగ్యం హక్కు అని రాసుకుని, 1990లో ఇంకో చట్టం చేసింది. ప్రతి మునిసిపాలిటీలో ఆరోగ్య మండలి ఉండాలి, అందులో సగం సీట్లు సేవలు వాడుకునేవాళ్లవి, మిగతా సగంలోనే ఉద్యోగులూ అధికారులూ సర్దుకోవాలి. మండలి లేకపోతే కేంద్ర ప్రభుత్వం నుంచి ఆరోగ్య నిధులు రావు. ఇప్పుడక్కడ అలాంటి మండళ్లు 5,000కి పైనే ఉన్నాయి. అన్నీ అద్భుతంగా నడుస్తున్నాయని నేననను, మేయరు మనుషులతో నిండిపోయినవీ ఉంటాయి, అయినా లెక్కలు ఆ బల్ల మీదికి రాక తప్పదు. అమెరికాలో ప్రభుత్వ గ్రాంటుతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లకి కూడా బోర్డులో కనీసం 51 శాతం ఆ సెంటర్లో వైద్యం చేయించుకునేవాళ్లే ఉండాలన్న నియమం ఉంది. ఒక్క ప్రతినిధి కాదు గమనించండి, మెజారిటీ.

మీకు అలాంటి చట్టం లేకపోయినా ఇవి మీ చేతిలో ఉన్నవే. ఒక్కర్నే పిలవకండి, ఒక్కడు ఎప్పుడూ తలూపుతాడు, కనీసం ముగ్గురు నలుగురు ఉంటే ఒకరి మొహం ఒకరు చూసుకుని నోరు తెరుస్తారు. కాగితాలు వారం ముందు ఇవ్వండి, మామూలు భాషలో, చదవలేనివాళ్లకి ఎవరైనా చదివి చెప్పేలా. మీటింగు సమయం ఆఫీసు సమయం కాకూడదు. ఇంకోటి, దీని దగ్గర అందరూ నసుగుతారు: డబ్బు. అధికారి జీతం మీద వస్తాడు, నర్సు జీతం మీద వస్తుంది, కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి మాత్రం "సేవ" అంటారు. రానుపోను ఖర్చు, పోయిన పూట కూలి ఇవ్వండి. అది ఇవ్వకుండా పేదవాళ్లు రావట్లేదని బాధపడటంలో అర్థం లేదు.

సూటిగా

అందరూ చాలా పద్ధతిగా చెప్తున్నారు, నేను కాస్త చేదుగా చెప్తా. డాక్టరు పోస్టు ఖాళీగా ఉంటే కమిటీ ఏం చేస్తుంది? మందులే సప్లై కాకపోతే స్కోర్ కార్డులో సున్నా వేసి ఫ్రేమ్ కట్టించుకోవాలా? ఈ "భాగస్వామ్యం" అనే మాట నిధులు తగ్గించేటప్పుడే ఎక్కువ వినబడుతుంది. ప్రభుత్వం చేయాల్సిన పని జనం మీదకి తోసి, జరగకపోతే మీ కమిటీ పనిచేయలేదు అంటారు. వరండా ఊడ్చేది జనమే, ప్రహరీకి చందాలు వేసుకునేది జనమే, నిర్ణయం మాత్రం వేరే ఊళ్లో జరుగుతుంది. పైన బరువు మిషన్ సంగతి బాగుంది, కాదనను, కానీ ప్రతిదీ మిషన్ జరిపితే అయిపోదు.

లెక్కల_పిచ్చి

@సూటిగా, మీరన్నది నిజమే, అందుకే జాబితాని రెండుగా చీల్చమంటాను. కేంద్రంలోనే సరిచేయగలిగేవి ఒకటి, పైకి అడగాల్సినవి ఇంకోటి. రెండోదాన్ని కూడా కమిటీ వాడుకోవచ్చు. ఖాళీ పోస్టు గురించి డాక్టరు పైకి ఉత్తరం రాస్తే అది ఫైల్లో పడుకుంటుంది, అదే ఉత్తరం మీద ఏ రోజు ఎంతమందిని వెనక్కి పంపాల్సి వచ్చిందో లెక్కతో పేషెంట్లూ స్టాఫూ కలిసి సంతకం పెట్టి ఎన్నికైన ప్రతినిధికి ఒక కాపీ ఇస్తే దాని దారి వేరు. స్టాఫ్ మీ వైపు తిరిగేది కూడా సరిగ్గా ఇక్కడే, మా కోసం కూడా అడుగుతున్నారు అని వాళ్లకి తెలిసినప్పుడు.

కొత్త_కన్వీనర్

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. మూడో_వరుస గారి మాట కాస్త గుచ్చుకుంది, డాక్టరుగారితో ఏం వదులుతారో ముందు తేల్చుకోవాలన్నది నాకు తట్టని సంగతి. ఒక సందేహం. మా దగ్గర ఆడవాళ్లతో మాట్లాడితే ఆరోగ్య కేంద్రం గురించి అడిగినా వాళ్లు చెప్పేవి వేరే ఉంటాయి. నీళ్లు, ఇంట్లో తాగుడు, రాత్రిపూట బండి దొరకదు, ఇవి. అవి మన పరిధిలోవి కావని ఆపేయాలా, రాసుకోవాలా? రాసుకుంటే ఆశ పెట్టినట్టవుతుందేమో అని భయం.

పాత_కాగితాలు

రాసుకోండి. ఆపేశారంటే ఆ రోజుతో సరి, మళ్లీ మాట్లాడరు. దీనికి సరిగ్గా సరిపోయే పాత కథ ఒకటుంది.

1960లలో అమెరికాలోని మిసిసిపీ డెల్టాలో, మౌండ్ బయూ అనే చోట, జాక్ గైగర్ అనే డాక్టరూ ఆయన సహచరులూ పేద నల్లజాతి కుటుంబాల కోసం ఆరోగ్య కేంద్రం పెట్టారు. క్లినిక్ కట్టకముందే ఊరూరా చిన్న చిన్న మీటింగులు పెట్టి మీకేం కావాలని అడిగితే జనం జబ్బుల గురించి కాదు, తిండి గురించి, పని గురించి, ఇళ్ల గురించి చెప్పారు. పిల్లలు నిజంగానే ఆకలితో చిక్కిపోయి ఉన్నారు. దాంతో డాక్టర్లు మందుల చీటీ మీద పాలూ కూరగాయలూ మాంసమూ రాయడం మొదలుపెట్టారు, కొట్లవాళ్లు ఇచ్చి బిల్లు కేంద్రం ఫార్మసీకి పంపేవాళ్లు. నిధులిచ్చే ప్రభుత్వం వాళ్లు ఫార్మసీ డబ్బు మందులకే అని అభ్యంతరం పెట్టారు. పోషకాహార లోపానికి వైద్య పుస్తకాల్లో ఉన్న మందు ఆహారమే కదా అని గైగర్ సమాధానం. వాళ్ల దగ్గర మాట లేదు. తర్వాత అక్కడి జనమే సహకార వ్యవసాయం పెట్టి కూరగాయలు పండించుకున్నారు, కేంద్రం తరఫున బావులూ మరుగుదొడ్లూ కూడా వచ్చాయి. "మన పరిధి కాదు" అని మొదటి మీటింగులోనే ఆపేసి ఉంటే ఇందులో ఏదీ జరిగేది కాదు.

మీరు ఆడవాళ్ల సంగతి అన్నారు కాబట్టి నేపాల్ కూడా చెప్తాను. మక్వాన్‌పుర్ జిల్లాలో నెలనెలా ఆడవాళ్ల గుంపులు కూర్చోబెట్టారు, నడిపింది డాక్టరో నర్సో కాదు, స్థానికంగా ఉండే ఒక మామూలు మహిళ. పాఠాలు చెప్పలేదు. కాన్పు చుట్టూ మనకి వచ్చే కష్టాలేంటి, వాటిలో ముందు దేన్ని పట్టుకుందాం, మనమే ఏం చేయగలం, ఇదీ వరస. వాళ్లు ఆలోచించుకున్న పరిష్కారాల్లో అత్యవసరానికి ఉమ్మడి నిధి, మోసుకెళ్లడానికి స్ట్రెచర్ లాంటివి ఉన్నాయి, మీరు చెప్పిన రాత్రిపూట బండి సమస్యే అది. 2004లో ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి: ఆ గుంపులున్న చోట నెలలోపు పసికందుల మరణాలు 30 శాతం తగ్గాయి. తర్వాత నేపాల్, భారత్, బంగ్లాదేశ్, మలావీల్లో జరిగిన ఏడు అధ్యయనాల్ని కలిపి 2013లో చూశారు. గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది గుంపుల్లోకి వచ్చిన చోటే ప్రభావం గట్టిగా ఉంది. పిడికెడు మంది వచ్చే కమిటీ ఎంత బాగా నడిచినా ఆ పని చేయలేదు. 2014లో డబ్ల్యూహెచ్ఓ కూడా ఈ పద్ధతిని సిఫారసు చేసింది.

లెక్కల_పిచ్చి గారు చెప్పిన ఉగాండా కథకీ దీనికీ ఒక తేడా ఉంది. అక్కడ జనం చేసింది ప్రధానంగా కేంద్రాన్ని కనిపెట్టి చూడటం, ఇక్కడ చేసింది సొంతంగా పని తలకెత్తుకోవడం. నన్నడిగితే రెండోదే ఎక్కువ కాలం నిలబడుతుంది. అయితే సూటిగా గారి భయం కూడా ఇక్కడే నిజమయ్యేది, స్ట్రెచర్ జనం కొనుక్కున్నారు కదా అని అంబులెన్సు ఎగ్గొట్టే అధికారి ఎక్కడైనా ఉంటాడు. స్ట్రెచర్ కొన్నా సరే, అంబులెన్సు అడగడం మానకూడదు.

ఆశ పెట్టడం గురించి: రాసుకునేటప్పుడే చెప్పేయండి, ఇది మా చేతిలో లేదు, ఫలానావాళ్లకి పంపుతాం, వాళ్లేమన్నదీ వచ్చి చెప్తాం అని. జనం "కాదు" అన్న జవాబుని తట్టుకుంటారు. వాళ్లకి ఒళ్లు మండేది జవాబే రానప్పుడు, మీ పాత సర్వేకి జరిగినట్టు.

రాత్రి_డ్యూటీ

పైన చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ఆ పాత సర్వే ఫారాలు ఎక్కడున్నాయో వెతకండి. కొత్తగా ఏమీ అడగకముందు వాటి ఫలితం ఏంటో బయటపెట్టండి, పాతదైనా సరే. మళ్లీ కొత్త ప్రశ్నలతో వెళ్తే "పోయినసారి చెప్పిందేమైంది" అంటారు, మీ దగ్గర జవాబుండదు.

తర్వాత ఒక బోర్డు పెట్టండి, "మీరు చెప్పారు, మేము చేశాం, ఇది చేయలేకపోయాం, ఎందుకంటే" అని. మూడో భాగం మా డాక్టరుగారు మొదట ఒప్పుకోలేదు, పరువు పోతుందన్నారు. పెట్టాక మందుల కిటికీ దగ్గర నా మీద అరిచేవాళ్లు తగ్గారు, స్టాకు ఎందుకు రాలేదో అక్కడే రాసి ఉంటుంది కాబట్టి. చదవలేనివాళ్ల కోసం ఓపీ మొదలయ్యే ముందు ఆయా ఒకసారి పైకి చదువుతుంది, ఇప్పుడు అరవడానికి ఆవిడకి ఇంతకంటే మంచి విషయం దొరికింది.

బోర్డు ఆఫీసు గోడకి వద్దు. జనం ఎక్కువసేపు నిలబడేది మందుల కిటికీ దగ్గర, అక్కడ పెట్టండి. సలహాల పెట్టె తాళం పగలగొట్టించి తాళంచెవి ఒకటి మీ దగ్గర, ఒకటి స్టాఫ్‌లో ఎవరి దగ్గరైనా ఉంచి, ఇద్దరూ ఉన్నప్పుడే తెరవండి. లోపల ఏమున్నాయో ఇక్కడ కూడా చెప్పండి, నాకు ఆసక్తిగా ఉంది.

కొత్త_కన్వీనర్

రేపే తాళం పగలగొట్టిస్తున్నా. డాక్టరుగారితో శనివారం ఓపీ అయ్యాక మాట్లాడతానన్నాను, ఓపీ టైమింగులు కమిటీకి వదలమని అడుగుతా. ఒప్పుకోకపోతే కూర్చునే చోటు అడుగుతా. కూలి డబ్బు ఏ పద్దు కింద ఇవ్వొచ్చో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, మా అకౌంట్స్ ఆయన అలాంటి పద్దే లేదంటున్నారు.

మూడో_వరుస

ఉండదు, ఎక్కడా ఉండదు. "మీటింగు ఖర్చులు" కింద టీ బిస్కెట్లకి ఉంటుంది చూడండి, దాన్నుంచి మొదలుపెట్టమనండి.